అత్తి, అంజూర, మూడు మూటల కోడెరువు

పోయిన నెల మా చిన్నాన్న కొడుకు వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టి "అన్నా, వీటిల్లో ఏది కొనమంటావు?" అని అడిగాడు. వాడు న్యూజెర్సీలో కొత్తగా ఇల్లు కొన్నాడు. నర్సరీ బల్ల మీద వరసగా అంజూర మొక్కలు, ఒక్కోదానికి ఒక ప్లాస్టిక్ చీటీ. జూమ్ చేయకుండానే నాకు పేర్లు తెలిసిపోయాయి. చికాగో హార్డీ, బ్రౌన్ టర్కీ, సెలెస్ట్. ఎడిసన్‌లో మా పెరట్లో ఈ మూడూ ఉండేవి. 2020 నుంచి, 2024లో ఇల్లు అమ్మేసి తిరుపతికి వచ్చేసేదాకా వాటి మీద నేనొక స్ప్రెడ్‌షీట్ నడిపాను. నాటిన తేదీ, చలికాలం గుడ్డ చుట్టామా లేదా, ఆ ఏటి కనిష్ఠ ఉష్ణోగ్రత, చిగురు కనపడిన తేదీ, మొదటి పండు, మొత్తం పండ్లు, ఎరువు. ఇంజినీరింగు చదివినవాడికి చెట్టు పెంచడం రాకపోయినా కాలమ్‌లు పెట్టడం వస్తుంది.

వాడికి ఆ షీట్ పంపాను. పంపేముందు ఎరువు కాలమ్‌ని దాచేశాను. రైట్ క్లిక్, హైడ్. రెండు సెకన్ల పని. ఆ రెండు సెకన్లు నెలరోజులుగా గుచ్చుకుంటా ఉన్నాయి.

నేను అప్పుడప్పుడు కథల మీద రాస్తుంటాను. అమెరికా తెలుగు కథల్లో వేళ్ళు, సొంత నేల, కుండీలో తులసి కనపడితే పక్కన పెన్సిల్ గీత పెట్టడం నా పాడలవాటు. అందుకే ఈ చెట్ల గురించి ఇన్నాళ్ళూ రాయలేదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అంజూరకు వేళ్ళతో పనే లేదు. చలికాలం ఆఖర్న పెన్సిలంత కొమ్మ కత్తిరించి తడి మట్టిలో గుచ్చితే ఆరువారాల్లో వేళ్ళు అవే వస్తాయి. మెటాఫర్ మొదట్లోనే చెడిపోయింది.

మొదటి చెట్టు అట్లా గుచ్చిన కొమ్మే. మా పక్కింటి పెద్దాయన చిన్నప్పుడు సిసిలీ నుంచి వచ్చినవాడు. ప్రతి నవంబరులో ఆయన తన చెట్టు కొమ్మలన్నీ తాడుతో దగ్గరికి లాగి కట్టి, చుట్టూ గోనెపట్టా, దాని మీద పాత కార్పెట్టు, పైన తార్పాలిన్ చుట్టి, నెత్తిన బకెట్టు బోర్లిస్తాడు. మొదటిసారి చూసినప్పుడు ఎవరో మనిషిని నిలబెట్టి కట్టేశారనుకుని ఉలిక్కిపడ్డాను. న్యూయార్క్, న్యూజెర్సీల్లోని ఇటాలియన్ పేటల్లో ఇది మామూలే. కొందరైతే ఒక పక్క వేళ్ళు తెంచి, చెట్టును గోతిలోకి వంచి మట్టి కప్పేస్తారు. వసంతంలో మళ్ళీ లేపుతారు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, ఆ పెద్దాయన కంచె మీదుగా నాకు మూడు కొమ్మలు అందించాడు. పేరడిగితే "ఫిగ్" అన్నాడు. తర్వాత ఆకులు, పండ్లు చూసి అది చికాగో హార్డీయో, దాని తోబుట్టువో అని తేల్చుకున్నాను. ఈ రకం మూలం సిసిలీ అనే చెబుతారు. బ్రూక్లిన్‌లో దీన్నే బెన్సన్‌హర్స్ట్ పర్పుల్ అంటారు. అంజూరల్లో పేర్ల గందరగోళం మన మామిడిని మించిపోయింది. బ్రౌన్ టర్కీ పేరుతో ఇంగ్లండులో అమ్మేది వేరు, కాలిఫోర్నియాలో అమ్మేది వేరు.

ఇక్కడ చలి గురించి కొంచెం చెప్పాలి. చిత్తూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఎడిసన్ 40 దాటి. నర్సరీ చీటీల మీద 'కోల్డ్ హార్డీ' అని రాసి ఉంటుంది గానీ ఆ మాటలో రెండు వేరువేరు సంగతులున్నాయి. ఒకటి, కొమ్మ ఎంత చలికి తట్టుకుంటుందనేది. నిద్రలోకి పోయిన, బాగా ముదిరిన కొమ్మ సుమారు మైనస్ 10, 12 డిగ్రీల సెల్సియస్ దాకా నిలుస్తుంది. అంతకు దిగితే నేల మీదున్నదంతా చస్తుంది. రెండోది, అట్లా చచ్చాక మట్టి కింద బతికున్న మొదలు నుంచి మళ్ళీ లేచి, అదే ఏడాది కాయగలదా అనేది. అంజూరకు రెండు కాపులు. నిరుటి కొమ్మ మీద వచ్చే ముందుకాపు ఒకటి, ఈ ఏడు పెరిగిన కొత్త కొమ్మ మీద వచ్చే అసలు కాపు ఒకటి. చికాగో హార్డీ గొప్ప అంతా ఈ రెండోదాంట్లో ఉంది. నేలమట్టంగా చచ్చినా, జూన్‌లో లేచిన కొమ్మ మీద సెప్టెంబరుకు పండు ఇస్తుంది. సెలెస్ట్ అట్లా కాదు. దాని కొమ్మకు చలిని తట్టుకునే శక్తి బాగానే ఉంది, పండు చిన్నదైనా బెల్లమే, పండు అడుగున కన్ను మూసుకుని ఉంటుంది కాబట్టి వానకు పులిసిపోదు, చీమలు దూరవు. కానీ మొదలంటా పోయిందంటే ఆ ఏడాది దాని దగ్గర పెద్దగా ఆశించడానికేం లేదు. బ్రౌన్ టర్కీ మళ్ళీ లేస్తుంది, కాయలూ పడతాయి, పండడానికి మాత్రం దానికి ఎక్కువ ఎండరోజులు కావాలి. మనకు అన్ని రోజులుండవు.

మా నాయనకు ఇదంతా 2022లో చెప్పాను. ఆ ఏడు మే నుంచి అక్టోబరు ఆఖరు దాకా అమ్మా నాయనా మా దగ్గరున్నారు. ఆయన పూతలపట్టు దగ్గర నాలుగెకరాల మామిడి తోపు చేసిన మనిషి. తోతాపురి, నీలం, గట్టు పక్కన నాలుగు బేనీషాలు, ఇంటికని ఒక కాలేపాడు. నేను రెండు కాపుల సంగతి చెబితే ఆయన వెంటనే అందుకున్నాడు. "మామిడి నిరుటి కొమ్మకే పూస్తాది. అది పోతే ఆ ఏటికి కాపు పొయినట్టే. ఇది అట్ల గాదంటావు. అయితే మామిడి కంటే తెలివైందే." అంత త్వరగా అర్థం చేసుకున్నవాళ్ళు నాకు ఆఫీసులో కూడా తగల్లేదు.

అయితే ఆయన దాన్ని చివరిదాకా అంజూర అనలేదు. "అత్తే గదరా ఇది" అనేవాడు. మా వైపు తమిళం గాలి ఎక్కువ. మేడి అనే మాట బడిలో వేమన పద్యంలో చదువుకోవడానికే, ఇంట్లో అత్తి అనే అంటాం. మా ఊరి మోటబావి పక్కనున్న అత్తిమాను మొదలు నుంచి కొమ్మల దాకా గుత్తులు గుత్తులుగా కాస్తుంది. తమిళంలో ఎప్పుడో గానీ జరగని దాన్ని 'అత్తి పూసినట్టు' అంటారు. నాయన ఆ మాట నా ఫోన్ కాల్స్ గురించి వాడేవాడు. కంచిలో అనంత సరస్సు అడుగు నుంచి అత్తి వరదర్‌ను 40 ఏళ్ళకోసారి బయటికి తీస్తారు కదా, ఆ విగ్రహం అత్తి కొయ్యదే. 1979లో ఆయన తన నాయనతో వెళ్ళి చూశాడు. 2019లో, ఆ 48 రోజుల్లో ఒకరోజు, అమ్మను తీసుకుని పోయి గంటలకొద్దీ లైన్లో నిలబడ్డాడు. వచ్చాక ఫోన్ చేసి "2059లో నువ్వు బో. నీకప్పుడు డెబ్బై దాటుంటాయి, కర్ర తీసుకోని బో" అన్నాడు. తను ఉండనని చెప్పడం ఆయనకు అంత తేలిక.

ఆగస్టు ఆఖర్న చికాగో హార్డీ మొదటి పండు కోశాం. పండు తొడిమ దగ్గర వంగి, తొక్క సన్నగా చీలి, కంట్లో ఒక తేనెబొట్టు నిలిచాకే కోయాలి. పచ్చిగా కోసింది ఇంట్లో పెడితే పండదు. నాయన దాన్ని రెండుగా చీల్చి, వెంటనే ఉఫ్‌మని ఊదాడు. చిన్నప్పుడు బావికాడ అత్తిపండు తినే పద్ధతి అదే, చీల్చి, ఊది, పురుగుల్ని దులిపి తినడం. మళ్ళీ ఊదాడు. వెలుగులో పెట్టి చూశాడు. "ఏమీ లేవే!" అన్నాడు, మోసపోయినవాడిలాగా. మన అత్తికాయ నిజానికి లోపలికి తిరిగిన పూలగుత్తి. ఒక చిన్న కందిరీగ కంటిలోంచి దూరి గుడ్లు పెడుతూ పూలకు పుప్పొడి అంటిస్తుంది. ఆ రీగ లేకపోతే అత్తికి విత్తనం లేదు. పెరట్లో పెంచే అంజూర రకాలు అసలు పుప్పొడి లేకుండానే ఊరి పండుతాయి. స్మిర్నా అంజూరలకు మాత్రం రీగ తప్పనిసరి. వాటిని పండించడానికి కాలిఫోర్నియా రైతులు ఏళ్ళు తంటాలు పడి, 1899లో ఆ రీగను బయటి నుంచి తెచ్చి నిలబెట్టుకున్నారు. నాయన ఇదంతా విని, పండు నోట్లో వేసుకుని, "పురుగు లేకుండా ఇంత తీపి ఎట్ల వొచ్చిందో" అన్నాడు. వేమన మీద నమ్మకం అంత తొందరగా పోదు.

ఆ ఏడు వినాయక చవితి ఆగస్టు 31న. మర్నాడు పొద్దున ఆయన నన్ను కారెక్కించుకుని తోట సామాన్ల దుకాణానికి పోయి మూడు మూటల కోడెరువు కొనిపించాడు. మా తోపులో మామిడి కోత అయిపోయాక, వానలకు ముందు, ఎరువేసే కాలం అది. ఆయన ఒంట్లో ఆ క్యాలెండరు అట్లా నాటుకుని ఉంది. "కాసిన చెట్టు బాలింత లెక్కరా. దానికి తిండి పెట్టొద్దా?" అన్నాడు.

నాకు తెలుసు. షీట్‌లో 2021 వరసలో నేనే రాసుకున్నాను: జూలై దాటాక నత్రజని వద్దు. కోడెరువులో నత్రజని ఎక్కువ. ఎండాకాలం చివర్లో అది అందితే చెట్టు ఆగదు, కొత్త కొమ్మలు సాగుతూనే ఉంటాయి. ఆ లేత కొమ్మ గట్టిపడే లోపల చలి వచ్చేస్తుంది. నీళ్ళు నిండిన లేత కొమ్మ గడ్డకట్టి చీలుతుంది. పక్కింటి పెద్దాయన జూలైలోనే ప్రతి కొమ్మ కొసనూ ఆరేడు ఆకుల దగ్గర గిల్లేసేవాడు, ఇక పెరగొద్దు, కాయల సంగతి చూడు అన్నట్టు. అక్షాంశం 40 దగ్గర చెట్టుకు నేర్పాల్సింది ఎక్కడ ఆగాలో. చిత్తూరులో ఆ అవసరం ఎవరికీ రాలేదు.

చెప్పొచ్చు. చెప్పలేదు. వచ్చిన నాలుగు నెలల్లో ఆయన ఆ ఇంట్లో తనంతట తాను చేసిన మొదటి పని అది. అప్పటిదాకా సోఫాలో కూర్చుని, నా భార్య ఇచ్చిన కాఫీ తాగి, మా పాప స్కూలు బస్సు కోసం కిటికీలోంచి చూసేవాడు. ఆ పొద్దున పార పట్టుకుని పాదు తీస్తుంటే మనిషి మళ్ళీ మా ఊర్లో ఉన్నట్టే ఉన్నాడు. "ఇది బక్కగా ఉండాది" అని బ్రౌన్ టర్కీకి రెండు మూటలు, చికాగో హార్డీకి ఒకటి. సెలెస్ట్ వంటింటి కిటికీ కింద ఉంది. వాసనకు నా భార్య ఒప్పుకోలేదు. అది అట్లా తప్పించుకుంది.

అక్టోబరు చివరికి బ్రౌన్ టర్కీ నా కంటే ఎత్తు పెరిగింది. పక్కచెట్ల కొమ్మలు గోధుమరంగుకు తిరిగినా దీని కొసలు పచ్చగా, మెత్తగా ఉన్నాయి. నాయన విమానం ఎక్కేముందు దాన్ని చూసి "చూస్తివా" అన్నాడు. "చూసినా నాయనా" అన్నాను.

నవంబరులో చెట్లకు గుడ్డ చుట్టాలి. సెలెస్ట్‌కు చుట్టాను. మిగతా రెండూ మరుసటి శనివారం అనుకున్నాను. ఆ వారంలోనే నా ఉద్యోగం పోయింది. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకు ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజులు. లెక్క పెట్టుకోవడం మొదలుపెట్టాక శనివారాలు గుర్తుండవు. డిసెంబరు 23న పొద్దున వాన కురిసింది, చలి కూడా పెద్దగా లేదు. రాత్రికి మా పెరటి థర్మామీటరు మైనస్ 13 చూపించింది. అంత దూరం ఒక్కరోజులో పడిపోవడం మామూలు చలి కంటే చెట్టుకు పెద్ద దెబ్బ.

జనవరి రెండో వారంలో, గడువు ఇంకో వారం ఉందనగా ఇంకో ఉద్యోగం దొరికింది. నాయనకు అది పోయిందనీ చెప్పలేదు, దొరికిందనీ చెప్పలేదు. ఆయన వీడియో కాల్‌లో ఆఫీసు గురించి ఎప్పుడూ అడిగేవాడు కాదు. "అత్తి చెట్టు ఎట్లుండాది?" అనేవాడు. "గోరుతో బెరడు గీకి చూడు. లోపల పచ్చగుంటే బతికినట్టే." గీకి చూశాను. బ్రౌన్ టర్కీ కొస దగ్గర గోధుమరంగు. కొంచెం కింద గోధుమరంగు. మోకాలి ఎత్తున, మట్టికి బెత్తెడు పైన, అంతా గోధుమరంగే. చికాగో హార్డీదీ అంతే. సెలెస్ట్ గోనెపట్టాలో వేలు దూర్చి గీకితే పచ్చగా కనపడింది. ఫోన్‌లో ఆ పచ్చగీత చూపించి "ఇదిగో నాయనా" అన్నాను. ఏ చెట్టుదో చెప్పలేదు. "నేను జెప్పలే? బలం ఉంటే చలి ఏం జేస్తాది" అన్నాడు.

2023 మార్చిలో ఆయన పోయాడు. తెల్లవారుజామున, గుండె. నేను ఊరు చేరేసరికి అన్నీ అయిపోయాయి. కర్మల తర్వాత వీసా స్టాంపింగు అపాయింట్‌మెంటు కోసం ఆగి, మే ఆఖరికి గానీ ఎడిసన్ చేరలేదు. జూన్ మొదటివారంలో చికాగో హార్డీ మొదట్లో నాలుగు చిగుళ్ళు లేచాయి. బ్రౌన్ టర్కీ దగ్గర ఏమీ లేదు. తవ్వి పారేద్దామనుకుని పార కూడా తెచ్చాను. జూన్ చివర్లో ఒకే ఒక చిగురు లేచింది.

ఇప్పుడు ఇంజినీరుగా ఒక మాట. ఈ షీట్‌తో దేన్నీ నిరూపించలేం. ఎరువు వేయని చెట్టుకే గుడ్డ చుట్టాను. రెండు మూటలు పడిన చెట్టు రకమే వేరు. పైగా డిసెంబరు 23 అనేది ప్రతి ఏడూ వచ్చేది కాదు. ఒకేసారి మూడు మార్పులు చేసి, తర్వాత ఒకదాని మీద వేలు చూపిస్తే కోడ్ రివ్యూలో జూనియర్లు కూడా నవ్వుతారు. నాయన కోడెరువు ఆ చెట్టును చంపిందని నేను అనలేను. చంపలేదని కూడా అనలేను. గుడ్డ చుట్టి ఉంటే ఏమయ్యేదో తెలియదు, అది నా ఖాతా. ఈ మూడింట్లో దాచాలనిపించింది మాత్రం ఎరువు కాలమ్‌నే.

ఆ సెప్టెంబరులో చికాగో హార్డీ 41 పండ్లు ఇచ్చింది. బ్రౌన్ టర్కీ ఒక్క కొమ్మ మీద 17 కాయలు కాసి, ఒక్కటి కూడా పండించలేదు. నవంబరు వచ్చినా పచ్చగా, రాయిలా ఉన్నాయి. అమ్మకు ఫోన్‌లో చూపిస్తే "పారేస్తావా ఏంది? అత్తికాయ కూర చెయ్యి" అంది. మేము చిన్నప్పుడు తిన్న కూరే. మా అత్తికాయనైతే చితక్కొట్టి, మజ్జిగలో వేసి వగరు తీస్తారు. వీటికి పాలు ఎక్కువ, చేతులకు దురద పెడతాయి. అందుకని రెండుసార్లు ఉడికించి ఆ నీళ్ళు పారబోయమంది. తర్వాత పెసరబేడలు, ఎండుమిరపకాయలు, కొబ్బరి. అమ్మ ఫోన్ స్టాండు మీద నిలబడి చూస్తూ ఉంది. "ఇవి మీ నాయన ఎరువేసిన చెట్టువేనా?" అనడిగింది. అవునన్నాను. "అయితే కాస్తాయిలే" అంది. ఉప్పు సరిపోలేదు గానీ నా భార్యా, పాపా రెండోసారి వడ్డించుకున్నారు.

ఇప్పుడు తిరుపతిలో మా డాబా మీద ఒక డ్రమ్ములో పూనా అంజూర ఉంది. ఇక్కడ గొడవ తలకిందులు. దీన్ని చలి నుంచి కాపాడక్కర్లేదు, పడుకోబెట్టాలి. పుణె వైపు రైతులు నీళ్ళు ఆపి, కొమ్మలు కత్తిరించి బలవంతంగా విశ్రాంతి ఇచ్చి కాపు తెప్పిస్తారు. నేను ఆ పని చేసేసరికి నవంబరు వానలు దిగి ఆకులకు తుప్పు తెగులు పట్టింది, నిమ్మరంగు మచ్చలు, అడుగున పొడి, వారంలో చెట్టు బోడిదైంది. అనంతపురం, బళ్ళారి వైపు పొడి గాలికి బాగా వస్తాయంటే ఎందుకో అర్థమైంది. అమ్మ మాత్రం దానికి కడుగునీళ్ళు పోస్తూనే ఉంది.

నిన్న రాత్రి ఆ కాలమ్‌ని అన్‌హైడ్ చేసి మా తమ్ముడికి మళ్ళీ పంపాను. కింద రాశాను: చికాగో హార్డీ పెట్టు. దక్షిణపు గోడ ఆసరా ఉంటే సెలెస్ట్ కూడా. బ్రౌన్ టర్కీ కావాలంటే కుండీలో పెట్టి చలికాలం గరాజ్‌లోకి లాక్కో. జూలై తర్వాత ఎరువు ముట్టుకోవద్దు, కొసలు గిల్లు, థాంక్స్ గివింగ్ లోపల గుడ్డ చుట్టు, వచ్చే శనివారం అనుకోవద్దు.

ఐదు నిమిషాలకు జవాబొచ్చింది. "సెప్టెంబరులో మూడు మూటలా? ఎవరన్నా వేసింది, పెద్దనాయనా?"

అవునన్నాను.

"అయితే నేనూ ఒక మూట తెస్తా."

"తే," అని టైప్ చేశాను. "కానీ ఏప్రిల్లో వెయ్యి."